మెట్రో మ్యాప్ చూసి ఊరు నేర్చుకోవచ్చా?

చిక్కడపల్లి_వాసి:
మా తమ్ముడు హైదరాబాద్‌లో గాంధీ భవన్ దగ్గర హాస్టల్లో ఉంటాడు. పుస్తకాల కోసం సుల్తాన్ బజార్ వెళ్లాలంటే రెడ్ లైన్‌లో ఎంజీబీఎస్ దాకా పోయి, అక్కడ గ్రీన్ లైన్ ఎక్కి వెనక్కి వస్తాడు. ముందే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠి మీదుగా నడిస్తే అయిపోయే పని. వాడికి ఆ ఆలోచనే రాదు, ఊరిని రంగు గీతల్లోనే చూశాడు కాబట్టి. స్టేషన్లలో స్కేలు ప్రకారం, అంటే అసలు దూరాలకు తగ్గట్టు గీసిన మ్యాపే పెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మియాపూర్_ప్రయాణికుడు:
నేను ఒప్పుకోను అన్నా. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. స్కేలు ప్రకారం గీసి రైలు తలుపు మీద అతికిస్తే నిలబడి చదవగలమా? లండన్‌లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో వంకరలన్నీ తీసేసి తిన్నటి గీతలతో మ్యాప్ గీశాడు. 1933లో అచ్చువేస్తే జనం ఎగబడి తీసుకున్నారు. ఇంకా ఎన్ని స్టేషన్లు, ఎక్కడ మారాలి, ఇవి తెలిస్తే చాలు.

చిక్కడపల్లి_వాసి:
అదే లండన్ సంగతి చెప్తా. న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన జాన్ గువో 2011లో అక్కడి ప్రయాణికులు ఏ దారి ఎంచుకుంటున్నారో పరిశీలించారు. అసలు పట్టే సమయం కన్నా మ్యాప్‌లో కనిపించే దూరమే వాళ్లమీద దాదాపు రెండింతలు పనిచేసిందని తేల్చారు. రోజూ తిరిగేవాళ్లే గీతను నమ్ముతుంటే కొత్తవాళ్ల సంగతేంటి?

సోషల్_టీచర్:
క్లాసులో నాకూ ఇదే సమస్య. 1569 నాటి మెర్కేటర్ పద్ధతి ప్రపంచ మ్యాప్‌లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. అంకె చెప్తే పిల్లలు రాసుకుంటారు, మర్నాడు అడిగితే మళ్లీ పాత బొమ్మే. గ్లోబు చేతికిచ్చి, గ్రీన్‌లాండ్ ఆకారంలో కాగితం కత్తిరించి ఆఫ్రికా మీద పరచమంటే అప్పుడు పట్టుబడుతుంది. అందుకే మ్యాప్ మార్చమని నేను అనను, పక్కన రెండోది ఉండాలంటాను.

మియాపూర్_ప్రయాణికుడు:
మీరన్నది బాగుంది మేడమ్. తలుపు మీది గీతను మాత్రం ముట్టుకోవద్దు.

చిక్కడపల్లి_వాసి:
సరే, దాన్ని ఉంచండి. గేటు బయట పెట్టే మ్యాప్‌లో మాత్రం పక్క లైన్ స్టేషన్లు, నడిచే దారి తప్పకుండా ఉండాలి. సికింద్రాబాద్ ఈస్ట్ బ్లూ లైన్‌ది, వెస్ట్ గ్రీన్ లైన్‌ది, రెండూ రైల్వే స్టేషన్‌కి దగ్గరే. రైలు దిగి నారాయణగూడ వెళ్లేవాళ్లు వెస్ట్‌కి నడిస్తే ఒకే మెట్రోలో దిగిపోతారు. ఈస్ట్‌లో ఎక్కితే పరేడ్ గ్రౌండ్‌లో లైన్ మారాలి, సామానుతో మళ్లీ మెట్లు.