లైనక్స్‌లో రెండు చోట్ల ఒకేసారి సౌండ్: కంబైన్ సింకా, చేత్తో లింకులా?

వైర్లపెట్టె:
ఉబుంటు 24.04, సౌండ్‌ని నడిపేది పైప్‌వైర్. ల్యాప్‌టాప్ జాక్‌లో స్పీకర్లు, హెచ్‌డీఎమ్‌ఐలో టీవీ. రెండిట్లోనూ ఒకేసారి పాట రావాలి, తర్వాత బ్లూటూత్ స్పీకర్ కూడా కలపాలి. రోజూ వాడకానికి ఏది నిలబడుతుంది?

బాస్‌బెజవాడ:
సౌండ్ దారులను గీతలుగా చూపించే క్యూపీడబ్ల్యూగ్రాఫ్ చాలండీ. ప్లేయర్ ఎఫ్‌ఎల్ (ఎడమ), ఎఫ్‌ఆర్ (కుడి) పోర్టుల నుంచి రెండో డివైస్‌కి కూడా గీత లాగండి. పాట ఒక్కటే టీవీకి పోతుంది, నోటిఫికేషన్ల మోత పోదు. కంబైన్ సింక్‌ని, అంటే కొన్ని అవుట్‌పుట్‌లను (సింక్‌లను) ఒక్కటిగా చూపేదాన్ని, డిఫాల్ట్ చేస్తే అన్నీ కలిసి మోగుతాయి.

కెర్నల్‌కాకినాడ:
యాప్ మూసి తెరిస్తే ఆ గీతలు ఉండవు. టెర్మినల్‌లో ‘పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్’ కమాండ్‌తో సింక్‌ల పేర్లు తీసుకుని మాడ్యూల్-కంబైన్-సింక్‌ని లోడ్ చేయండి, స్లేవ్స్= దగ్గర ఆ పేర్లు కామాతో ఇవ్వండి. డిఫాల్ట్ చేయక్కర్లేదు, పావుకంట్రోల్ అనే వాల్యూమ్ యాప్‌లో ప్లేయర్ ఒక్కదాన్నే అందులోకి మార్చొచ్చు.

బాస్‌బెజవాడ:
క్యూపీడబ్ల్యూగ్రాఫ్‌లో ప్యాచ్‌బే (గీతల పటం) సేవ్ చేసి యాక్టివేటెడ్ పెడితే గీతలు మళ్లీ వాటంతటవే పడతాయి. మీ మాడ్యూల్ మాత్రం రీబూట్‌తో పోతుంది. పైగా రెండూ వేరే కార్డులైతే క్లాకులు వేరు, కంబైన్‌లో ఒకదాని సౌండ్ మెల్లగా వెనక్కి జారదా?

కెర్నల్‌కాకినాడ:
50 పీపీఎమ్ (పది లక్షల్లో 50 వంతులు) తేడా ఉంటే గంటకి 180 మిల్లీసెకన్లు జారాలి, నిజమే. కానీ పైప్‌వైర్ ఒక డివైస్ క్లాక్‌ని ఆధారంగా (డ్రైవర్‌గా) పెట్టుకుని మిగతావాటిని దానికి సరిపోయేలా రీశాంపుల్ చేస్తూ పోతుంది. మీ గీతలకూ, కంబైన్‌కీ ఇందులో తేడా లేదు.

తేడా బ్లూటూత్ దగ్గర వస్తుంది. బ్లూటూత్ మామూలు కోడెక్ ఎస్‌బీసీ సుమారు 150–250 మిల్లీసెకన్లు వెనక పడుతుంది, ఉత్త గీత ఆ ఆలస్యాన్ని సర్దలేదు. అందుకే శాశ్వతంగా కావాలంటే పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డి ఫోల్డర్‌లో కంబైన్-స్ట్రీమ్ మాడ్యూల్ రాసి, ఆలస్యాలను సర్దే కంబైన్ డాట్ లేటెన్సీ-కాంపెన్సేట్‌ని ట్రూ చేయాలి. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. ఇంకా ఎకో వస్తే బ్లూటూత్ చెప్పుకునే లేటెన్సీ (ఆలస్యం) అసలు కంటే తక్కువై ఉండొచ్చు: పావుకంట్రోల్ అవుట్‌పుట్ డివైసెస్‌లో, అడ్వాన్స్‌డ్ కింద, లేటెన్సీ ఆఫ్‌సెట్ 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచి చూడండి.

వైర్లపెట్టె:
నాకు లిస్ట్‌లో ఒక్క సింకే కనిపిస్తోంది. హెచ్‌డీఎమ్‌ఐ ఎంచితే స్పీకర్లు పోతున్నాయి.

బాస్‌బెజవాడ:
రెండూ ఒకే కార్డు కింద ఉన్నాయి, కార్డు ప్రొఫైల్ (అవుట్‌పుట్ అమరిక) ఒకసారికి ఒకటే. పావుకంట్రోల్ కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో, అవుట్‌పుట్‌లన్నిటినీ విడివిడిగా చూపే ప్రో ఆడియో ప్రొఫైల్ ఎంచండి. ప్రో-అవుట్‌పుట్-3, 7, 8 అని కొన్ని వస్తాయి, టీవీ ఏదో మోగించి చూడాలి.

కెర్నల్‌కాకినాడ:
అక్కడ చానెళ్ల పేర్లు ఏయూఎక్స్0, ఏయూఎక్స్1. కంబైన్-స్ట్రీమ్ కాన్ఫిగ్‌లో ఎఫ్‌ఎల్, ఎఫ్‌ఆర్‌లను వాటికి జతచేయండి. ప్రో ఆడియో హార్డ్‌వేర్ మిక్సర్‌ని ముట్టుకోదు, కాబట్టి ముందు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి మాస్టర్ మ్యూట్ తీసేయండి.