డైపర్ మానకముందే ప్లేగ్రూప్‌లో వేయొచ్చా, ఆగాలా?

నిద్రలేని తల్లి:
మా వాడికి రెండేళ్ల నాలుగు నెలలు. ఇంకో మూడు వారాల్లో నేను ఉద్యోగంలో చేరాలి. ఒక ప్లేగ్రూప్‌లో సీటు ఉంది, డైపర్‌తో వచ్చినా తీసుకుంటామన్నారు. చిక్కంతా ఇంట్లోనే. మా వారేమో "వేసేద్దాం, తోటి పిల్లల్ని చూసి వాడే నేర్చుకుంటాడు" అంటారు. మా అక్కేమో "ఒంటికీ రెంటికీ చెప్పడం రాని పిల్లాణ్ణి పరాయివాళ్ల చేతుల్లో పెడతావా, ఆర్నెల్లు ఆగలేవా" అంటుంది.

వాడి సంగతి: తడిశాక చెప్తాడు, తడవకముందు చెప్పడు. రెంటికైతే హాల్లో కర్టెన్ వెనక్కి దూరి, దాని అంచు పిడికిట్లో పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని నిలబడతాడు. పలకరిస్తే "వెళ్లిపో" అంటాడు. పాటీ కొన్నాం. దానిమీద బట్టలతోనే కూర్చుని బొమ్మకారు నడుపుతాడు, అంతే. మొహమాటం లేకుండా చెప్పండి.

మొండిఘటం:
మొహమాటం నాకు ఎలాగూ లేదు. వేయకండి. మూడు వారాలు చేతిలో ఉన్నాయి కదా, గట్టిగా కూర్చుంటే అయిపోతుంది. మా అమ్మాయికి రెండేళ్లు నిండిన నెలలోనే నాలుగు రోజుల్లో మానిపించాను. ఇప్పటి డైపర్లలో ఉండే జెల్ తడినంతా పీల్చేసుకుంటుంది, పిల్లలకి తడిసిన సంగతే తెలియదు. గుడ్డలు కట్టిన రోజుల్లో తడిస్తే చల్లగా తగిలి గోల పెట్టేవాళ్లు, ఆ చిరాకే వాళ్లకి పాఠం. హాయిగా ఉన్నంతకాలం ఎవరు మానతారండీ? పైగా మన ఇంటి పనిని నెల జీతానికి పనిచేసే ఆయా మీదకి తోసేయడం నాకు నచ్చదు.

ఇద్దరు పిల్లల నాన్న:
మా పెద్దమ్మాయి కథ చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మేము చేర్చాలనుకున్న చోట డైపర్ ఉంటే తీసుకోం అన్నారు. గడువు సరిగ్గా మీలాగే మూడు వారాలు. గోడకి చార్టు, స్టిక్కర్లు, చప్పట్లు, అన్నీ చేశాం. ఒంటికి నాలుగో రోజుకే దారిలో పడింది. రెంటికి ఆపేసుకుంది. మొదట రెండు రోజులు, తర్వాత మూడు, ఒకసారి ఐదు. కాళ్లు మెలేసి, మునివేళ్ల మీద నిలబడి, బల్ల అంచు పట్టుకుని వణికేది. మేమేమో ముక్కుతోంది అనుకుని "ఆఁ, ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఉత్సాహపరిచాం. అది ముక్కడం కాదు, బయటికి రాకుండా బిగబట్టుకోవడం. డాక్టర్ చెప్పేదాకా తెలియలేదు.

ఆమె కాగితం మీద గుండ్రంగా బాణాలు గీసి చూపించారు. గట్టిపడితే నొప్పి, నొప్పి వల్ల భయం, భయంతో ఆపుకోవడం, ఆపుకుంటే ఇంకా గట్టిపడటం. అలా పోగుపడితే పెద్దపేగు చివరి భాగం సాగిపోయి, నిండిందన్న కబురు పిల్లకి సరిగ్గా అందదట. గట్టిపడ్డదాని పక్కనుంచి పల్చటిది కారి చెడ్డీకి అంటుతుంది. మేము దాన్ని విరేచనాలు అనుకున్నాం, మతిలేకపోతే సరి! మలం మెత్తబడే మందు ఏడు నెలలు వాడాం. డాక్టర్ మొదట చెప్పిన పని ఏమిటో తెలుసా? డైపర్ మళ్లీ వేయండి, స్టిక్కర్ల చార్టు చింపేయండి అని.

రెండోవాణ్ణి డైపర్‌తోనే పంపాం.

మొండిఘటం:
పాప ఇబ్బంది పడినందుకు బాధగా ఉంది. కానీ అది గడువు పెట్టినందువల్ల వచ్చింది, నేర్పినందువల్ల కాదు. నేను గడువు పెట్టమనలేదు.

ఇద్దరు పిల్లల నాన్న:
"మూడు వారాలు చేతిలో ఉన్నాయి" అన్నది మీరే కదండీ.

పన్నెండేళ్ల టీచర్:
అందరూ పిల్లాణ్ణే చూస్తున్నారు. పన్నెండేళ్లు ఆ గదిలో ఉన్నదాన్ని, నన్నడిగితే ముందు గదిని చూడండి.

ఒక లెక్క చెప్తాను. గదిలో పది మంది పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లం. అందులో ఆరుగురు డైపర్ పిల్లలు. సరిగ్గా మార్చడమంటే గ్లవ్స్ వేసుకోవాలి, ముందునుంచి వెనక్కి తుడవాలి, మూత ఉన్న బుట్టలో పారేయాలి, పిల్లాడి చేతులు, నా చేతులు సబ్బుతో కడగాలి, పడుకోబెట్టిన షీటు మందునీళ్లతో తుడవాలి. ఎంత చేయి తిరిగినా ఐదారు నిమిషాలు. ఆరుగురికి రెండేసిసార్లు అంటే గంట పైనే. ఆ గంటసేపూ రెండో మనిషి ఒక్కతే తొమ్మిది మందితో. తీరిక లేనప్పుడు మొదట ఎగిరిపోయేది ఏదో తెలుసా? చేతులు కడగడం, షీటు తుడవడం. రోటావైరస్, హెపటైటిస్-ఎ లాంటివి మలం అంటిన చేతి నుంచి నోటికి పోయేవే. ఒక గదిలో ఒకడికి మొదలైతే వారానికల్లా సగం గది ఖాళీ.

ఇది విని మొండిఘటం గారు సంబరపడకండి. నిన్న డైపర్ మానేసి ఇవాళ చేరేవాడే నాకు ఎక్కువ పని. కొత్త చోటు, కొత్త మొహాలు, ఇంట్లో చక్కగా చెప్పేవాడు కూడా మొదటి వారాల్లో వెనక్కి జారతాడు. డైపర్ పిల్లాడు తడిస్తే డైపర్ తడుస్తుంది. వీడు తడిస్తే చాప తడుస్తుంది, బొమ్మలు తడుస్తాయి, దానిమీద ఇంకొకడు జారిపడతాడు, వీడు సిగ్గుతో మూలకెళ్తాడు. చేరే ముందు వారం హడావిడిగా మానిపించిన తల్లిదండ్రులకే సాయంత్రం తడిబట్టల సంచి ఎక్కువగా ఇచ్చాను.

తోటివాళ్లని చూసి నేర్చుకుంటారన్నది కొంత నిజం. వరసగా చిన్న కమోడ్లు, ఒకడు వెళ్తే నలుగురు వెంటపడతారు. కొందరికి ఆ సరదా రెండ్రోజుల్లో తీరిపోతుంది. దాన్ని నమ్ముకుని చేర్చకండి, దొరికితే లాభం అనుకోండి. ఒకటి మాత్రం చూశాను: రెండేళ్లవాళ్లు ఒకరినొకరు వెక్కిరించరు. మూడున్నర దాటాక మొదలవుతుంది "ఛీ, డైపర్" అనడం.

పిల్లల వార్డు నర్సు:
ఆ కర్టెన్ మాట మంచి కబురండీ. రాబోతోందని ముందే తెలిసి చాటు వెతుక్కుంటున్నాడు, అంటే సగం దూరం వచ్చేశాడు. ఒంటికి కూడా రెండు గంటలు పొడిగా ఉంటున్నాడేమో చూడండి. ఈ వయసులో మూత్రాశయంలో వంద మిల్లీలీటర్లు, అటూ ఇటూగా పడతాయి. అరగంటకోసారి తడుపుతుంటే నిలిపే పట్టు ఇంకా రాలేదన్నమాట. మలం గట్టిగా వస్తుంటే ముందు దాని సంగతి చూడండి, పాటీ తర్వాత. కూర్చోబెట్టినప్పుడు పాదాలు నేలకో, చిన్న పీటకో ఆనాలి. కాళ్లు గాల్లో వేలాడితే పెద్దవాళ్లకైనా రాదు. తిన్న పావుగంట, అరగంటకి పేగు తనంతట తాను కదులుతుంది, ఆ వేళ కలిసొస్తుంది.

అమెరికాలో పిల్లల డాక్టర్ బ్రేజల్టన్ 1962లో తాను చూసిన 1,170 మంది పిల్లల లెక్క ప్రచురించారు. తొందరపెట్టకుండా వదిలితే పగటిపూట అదుపు సగటున 28.5 నెలలకి వచ్చింది. మీవాడు సరిగ్గా 28 నెలల్లో ఉన్నాడు. 2003లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 27 నెలలకి ముందే గట్టిగా మొదలుపెట్టినా పెద్దగా కలిసిరాదని, నేర్పే కాలమే సాగుతుందని తేల్చింది.

మొండిఘటం:
1962లో కట్టింది గుడ్డలేనండీ, ఈ జెల్ డైపర్లు కాదు. అంటే నా మాటే రుజువైంది. ఇక సగటు అన్నారు, అంటే చాలామంది అంతకుముందే మానేశారు. మా అమ్మాయి వాళ్లలో ఒకతి.

పిల్లల వార్డు నర్సు:
గుడ్డల మాట ఒప్పుకుంటాను. తడి తెలియాలంటే ఇంట్లో ఉన్నప్పుడు మామూలు చెడ్డీ వేసి తిరగనివ్వడం మంచిదే, నేల తుడిచే ఓపిక ఉంటే. కానీ మీ అమ్మాయికి నాలుగు రోజులు పట్టిందని అందరికీ నాలుగు రోజులే అంటే ఒప్పుకోను. అదే సగటుకి అటువైపు మూడేళ్లు దాటినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో లోపం ఏమీ లేదు. రాత్రి పక్క తడపడం సంగతైతే ఐదేళ్లదాకా ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

కొత్తగా చేరా:
నాదొక భయం, ఎవరూ అనట్లేదు కాబట్టి అంటున్నా. మార్చేది ఎవరు? రోజూ ఒకే మనిషా, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లా? తలుపు వేసుకుంటారా?

పన్నెండేళ్ల టీచర్:
అడగాల్సిన మొదటి ప్రశ్నే అది. ఒకరిద్దరే మార్చాలి, వాళ్ల పేర్లు మీకు తెలియాలి. గదిలోని ఇంకో పెద్దమనిషికి కనపడేలా ఉండాలి, పిల్లలందరికీ ప్రదర్శనలా ఉండకూడదు. ఏ వేళ మార్చారో, ఏం చూశారో రాసిన కాగితం సాయంత్రం మీకివ్వాలి. మార్చే చోటు చూపించమంటే "అది లోపల ఉందండీ" అని మాట దాటేస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నిద్రలేని తల్లి:
నిన్న వెళ్లి చూసొచ్చాను. మార్చే బల్ల పక్కనే కుళాయి, మూత బుట్ట ఉన్నాయి. షీటు మాత్రం ఒక మూల చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. అడిగితే మారుస్తామన్నారు, అది మారాకే చేరుస్తానన్నాను. ఇద్దరే మారుస్తారట, కాగితం ఇస్తారట.

అంతా బాగుంది అనుకుంటుండగా ఆఫీసులో ఆవిడ "డైపర్ గురించి మీరు దిగులు పడకండి, పదిహేను రోజుల్లో మేమే మానిపిస్తాం. వచ్చేదాకా లేవనివ్వం" అన్నారు. ఇంతకుముందైతే సంతోషించేదాన్నేమో. ఇక్కడ ఇద్దరు పిల్లల నాన్న గారు చెప్పిన వాళ్ల పెద్దమ్మాయి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డ సంగతి గుర్తొచ్చి అక్కడే కాగితం తీసుకుని రాసిచ్చాను: బలవంతంగా కూర్చోబెట్టొద్దు, లేస్తానంటే లేవనివ్వండి, డైపర్ అడిగితే వేయండి అని. ఆవిడ మొహం కొంచెం మాడింది.

మొండిఘటం:
రాసిచ్చింది మాత్రం బాగుంది. మిగతాదానికి ఒప్పుకోను.

ఇద్దరు పిల్లల నాన్న:
సంతకం పెట్టారా?

నిద్రలేని తల్లి:
పెట్టారు. ఒక నకలు నా దగ్గరుంది. మా అక్కకి ఇంకా చెప్పలేదు.

ఇంకో మాట. వచ్చేస్తూ అక్కడి ఆయాతో, మావాడు కర్టెన్ వెనక దాక్కుంటాడమ్మా, ఇక్కడ కర్టెన్ లేదే అన్నాను. ఆమె నవ్వి పుస్తకాల బీరువా చూపించింది. "దానికీ గోడకీ మధ్య జాగా ఉందమ్మా, ఇప్పటికే ముగ్గురు అక్కడ నిలబడతారు. నేను అటు చూడను, వాళ్లు ఇటు చూడరు" అంది.