డైమండ్ లేని సమితులు: 2.25 కిందికి ఎలా దిగారు?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను.

రాజోలు, రావులపాలెం, ముమ్మిడివరం, కొత్తపేట. ఈ నాలుగు ఊళ్లలో రెండేసి, మూడేసి ఊళ్ల సమితులన్నీ రాస్తే 6+4, మొత్తం 10. వీటిలో డైమండ్ రాదు: ఒక సమితి వేరే రెండింట్లో ఇమిడి, ఆ రెండూ ఇంకా పెద్దదాంట్లో ఇమడటం ఉండదు. ఊళ్లు ఎంత పెరిగినా, డైమండ్ రాకుండా తీసుకోగల సమితుల గరిష్ఠ సంఖ్య మధ్య వరుసకు (అంటే సరిగ్గా సగం ఊళ్లుండే సమితుల సంఖ్యకు) సుమారు 2 రెట్లేనని ఊహ. నిరూపణ ఇంకా లేదు. ఇన్ని రెట్లు మించదని నిరూపించిన హద్దును 2013లో క్రేమర్, మార్టిన్, యంగ్ అనే గణితజ్ఞులు 2.25కి, 2018లో గ్రోస్, మెతుకు, టాంప్‌కిన్స్ 2.20711కి తెచ్చారు.

నా చిక్కల్లా ఇక్కడే. శూన్యసమితి నుంచి ఒక్కో ఊరు కలుపుతూ పోయే గొలుసుకు సగటున మన సమితులు ఎన్ని తగులుతాయో లెక్కిస్తే 2.25 దగ్గరే ఆగిపోతున్నాను. 2018 వాళ్లు దాని కిందికి ఎలా దిగారు? చిన్న ఉదాహరణతో ఎవరైనా చెప్పగలరా?