ఇంటర్ పిల్లలతో పునరుత్పత్తి ఆరోగ్యంపై మాట్లాడించడం ఎలా?

విశాఖపట్నం మద్దిలపాలెం దగ్గర ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతున్నాను. ఈ పాఠం బైపీసీ రెండో సంవత్సరంలోనే ఉంది. మిగతా గ్రూపుల పిల్లలకు అదీ లేదు. అందుకే ప్రిన్సిపాల్ అనుమతితో శనివారం చివరి పీరియడ్, 40 నిమిషాలు, అందరికీ అవగాహన తరగతి పెడుతున్నాను.

మొదటి వారం అందరినీ కలిపి కూర్చోబెట్టి బొమ్మలతో చెప్పాను. తలెత్తినవారు లేరు. రెండో వారం అమ్మాయిలకు, అబ్బాయిలకు విడిగా పెట్టాను. అమ్మాయిలకు మా మహిళా అధ్యాపకురాలే చెప్పారు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. మూడో వారం పేరు రాయనక్కర్లేని చీటీల పెట్టె పెట్టాను. 31 చీటీలు వచ్చాయి, సగానికి పైగా ఖాళీవే. ఎనిమిది మడతలు పెట్టిన ఒక చీటీలో, "నెలసరి 40 రోజులకు వస్తోంది, నాకు పిల్లలు పుట్టరా?" అని ఉంది. రజస్వల అయిన తొలి కొన్నేళ్లలో 21 నుంచి 45 రోజుల వరకు తేడా మామూలేనని, మూడు నెలలు దాటినా రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలని తరగతిలో చెప్పాను. ఆ భయాన్ని ఆ పిల్ల ఎన్నాళ్లుగా మోస్తోందో! అబ్బాయిల చీటీల్లో ఎక్కువ భాగం స్వప్నస్ఖలనంతో నీరసం వస్తుందన్న అపోహే. రాదని చెప్పాను. నమ్మారో లేదో ముఖాల్లో తెలియలేదు.

చీటీలకు జవాబు చెప్పగలుగుతున్నాను కానీ, అనుబంధ ప్రశ్న ఒక్కటీ రావడం లేదు. 16, 17 ఏళ్ల పిల్లలతో ఇలాంటి తరగతులు నడిపినవారు చెప్పండి: మొదటి పది నిమిషాల్లో ఏం చేయిస్తే వాళ్లు నోరు తెరిచి అడిగారు?