ప్రతిభ లేదని చెప్పడానికి తగిన మాట ఏది?

ప్రశ్న:
సంగీతం నేర్చుకుంటున్నవారి గురించి అభిప్రాయపత్రం రాసే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. అందరూ పెద్దవాళ్లే, రాసినదాన్ని వారే చదువుకుంటారు. ఒకరి దగ్గర కలం ఆగిపోయింది. ఆయన తాళం ఎన్నడూ తప్పరు గానీ, ఎంత సాధన చేసినా తారస్థాయి షడ్జం (పై స్థాయి ‘స’) దగ్గరకు వచ్చేసరికి శ్రుతి జారిపోతుంది. ‘అసమర్థులు’ అంటే మొత్తం మనిషినే కొట్టిపారేసినట్లు ఉంటుంది. ‘ప్రతిభ లేదు’ అంటే ఇక చేయగలిగింది ఏమీ లేదని తేల్చేసినట్లే. ‘మెరుగుపడాలి’ అన్నది ఎవరికైనా రాయదగిన మాట కనుక ఏమీ చెప్పనట్లే. ఉన్నది ఉన్నట్లు చెబుతూ నొప్పించని మాటలు తెలుగులో ఏమున్నాయి?

జవాబు 1:
నామవాచకం కోసం వెతకడం వల్లనే ఈ ఇబ్బంది వచ్చిందని నా అభిప్రాయం. లోటును చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు ఎక్కువగా క్రియలనే ఆశ్రయిస్తుంది, అవీ ఒకదానికి బదులు మరొకటి చెల్లవు. ‘ఈత రాదు’ అంటే నేర్చుకోలేదని అర్థం; ‘ఈదలేడు’ అంటే ఈత వచ్చి కూడా ఒంట్లో సత్తువ లేకనో, ప్రవాహం ఉధృతంగా ఉన్నందువల్లనో కావచ్చు; ‘ఈదడం చేతకాదు’ అనగానే కాస్త నింద కలుస్తుంది. ‘నాకు చేతకాదు’ అని తన గురించి చెప్పుకుంటే వినయం అనిపించుకునే మాట, ఎదుటివారి మీద ప్రయోగిస్తే ఎత్తిపొడుపు అవుతుంది. విద్యల విషయంలో తేడాలు ఇంకా సూక్ష్మం. ‘చేయి తిరగలేదు’ అంటే అభ్యాసం చాలలేదని, ‘పట్టుబడలేదు’ అంటే ప్రయత్నం సాగుతున్నా కిటుకు అందలేదని, ‘ఒంటబట్టలేదు’ అంటే చెప్పినది చెవి దాటి లోపలికి ఇంకలేదని. ‘అబ్బలేదు’ మాత్రం ఏళ్లు గడిచాక, ఆశ వదులుకుని చెప్పే మాట. రాదు, పట్టుబడదు, అబ్బదు అన్నప్పుడు వాక్యంలో కర్త విద్యే; మనిషి పక్కన ‘కి’ గానీ ‘కు’ గానీ చేరి, అతడు ఆ విద్య వచ్చి చేరవలసిన చోటుగా మాత్రమే మిగులుతాడు. నింద తగ్గేది అందువల్లనే.

జవాబు 2:
మనిషికి అంటగట్టే మాటల్లో కూడా ప్రతిభతో నేరుగా సంబంధం ఉన్నవి తక్కువే. ‘అనర్హుడు’ అన్నది నియమాలకు సంబంధించినది. గొప్ప విద్వాంసుడు కూడా వయసు దాటితే ఒక పోటీకి అనర్హుడు కావచ్చు. ‘అశక్తుడు’ పరిస్థితి ముందు చేతులెత్తేసినవాడు. ‘అప్రయోజకుడు’ నాలుగు విద్యలు వచ్చినా బాధ్యత మోయలేనివాడు కావచ్చు. ‘ఆరంభశూరుడి’లో లోపించింది పట్టుదల. ‘చవట’ ఉప్పు తేలి పంట పండని నేలకు కూడా చెప్పే మాట. కాబట్టి అది ఒక్క పనిలో లోటును కాదు, దేనికీ పనికిరానితనాన్ని సూచిస్తుంది. ‘దద్దమ్మ’, ‘వాజమ్మ’ అన్న తిట్లు చివర ‘అమ్మ’ను పెట్టుకుని ఎక్కువగా మగవారి మీదనే పడటం వాటిలోని మరో అన్యాయం. ఇవేవీ అభిప్రాయపత్రానికి పనికిరావు. ఇక సామెతలు చూస్తే, అవి వెక్కిరించేది లోటును కాదు, దాన్ని కప్పిపుచ్చుకునే తీరును. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నప్పుడు తప్పు ఆడలేకపోవడంలో లేదు, మద్దెల మీదకు నెట్టడంలో ఉంది.

జవాబు 3:
క్రియల చాటున దాక్కోవడం కూడా ఒక్కోసారి అన్యాయమే అవుతుంది. లోటు ప్రతిభలోనా, చదువులోనా, సాధనలోనా అన్న విచారణ మన ఆలంకారికులు, అంటే సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసినవారు, ఎప్పుడో చేశారు. గురువు చెబితే మందబుద్ధి కూడా శాస్త్రం చదవగలడు గానీ కావ్యం ప్రతిభావంతుడికే పుడుతుందని భామహుడు అన్నాడు. సహజప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో ఉపాసిస్తే వాగ్దేవి కొంతైనా అనుగ్రహిస్తుందని దండి అన్నాడు. నాకు దండి మాటే నచ్చుతుంది, అయినా లోటు ఎక్కడుందో చెప్పకుండా ఊరడించడం నచ్చదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ‘లయజ్ఞానం దృఢంగా ఉంది, తారస్థాయి ఇంకా పట్టుబడలేదు’ అని రాద్దామనుకుంటున్నాను.

జవాబు 3 రాసినవారు:
‘ఇంకా’ అన్న మాట మీరు ఇచ్చే హామీ వంటిది కనుక, దాన్ని రాసే ముందు ఆయన చేత ఆధారశ్రుతిని (పాటకు ఆధారమైన ‘స’ను) కొంత తగ్గించి అదే పాటను పాడించి చూడండి. అప్పుడు షడ్జం నిలిస్తే చెవిలో లోపం లేదు, ఇప్పుడు పాడుతున్న శ్రుతిలో పై స్థాయి ఆయన గొంతుకు అందడం లేదంతే. ‘ఈ శ్రుతిలో తారస్థాయి అందడం లేదు’ అని రాస్తే సరిపోతుంది. శ్రుతి తగ్గించినా అదే చోట జారితే ‘శ్రుతిజ్ఞానం కుదురుకోలేదు’ అని రాయండి.