మాటల్లేని ప్రోగ్ రాక్, జాజ్ ఫ్యూజన్ ఆల్బమ్‌లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆఫీసు పని చేస్తూ వినడానికి మాటల్లేని సంగీతం వెతుక్కుంటున్నాను. పాటలో మాటలుంటే మనసు వాటి వెంట పోయి, కోడ్ అక్కడే ఆగిపోతోంది. చిన్నప్పుడు మృదంగం కొన్నాళ్లు నేర్చుకుని మానేశాను గానీ తాళం లెక్క ఇంకా చేతిలో ఉంది. ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు. ఆ దారిలో ఇంకా ముందుకెళ్దామని జాజ్ ఫ్యూజన్ (జాజ్‌ని రాక్‌తో కలిపినది), ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులున్న రాక్, పొట్టిగా ప్రోగ్) వైపు చూస్తున్నాను.

ఏ లిస్టు తీసినా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ పైనే ఉంటోంది కదా అని అదే పెట్టాను. పది నిమిషాలకే కట్టేశాను. ఎవరి పాటికి వాళ్లు వాయించుకుంటున్నట్టు అనిపించింది. నా చెవికే అందడం లేదా? యాభై పేర్ల లిస్టులు వద్దు, నెట్‌లో బోలెడున్నాయి. ముందు ఏది, తర్వాత ఏది, ఎందుకు అన్నది చెప్పండి చాలు.

జవాబు 1

మీ చెవికేం కాలేదండీ. మొదలుపెట్టిన చోటే తేడా వచ్చింది. ‘బిచెస్ బ్రూ’ 1970లో వచ్చిన డబుల్ ఆల్బమ్. మొదటి ట్రాకే 20 నిమిషాలు. అందులో ముగ్గురు ఎలక్ట్రిక్ పియానో వాయిస్తుంటారు, డ్రమ్స్ దగ్గర ఇద్దరు. పట్టుకోవడానికి ఒక ట్యూన్ ముందే చేతికివ్వరు. ఇలాంటి సంగీతం కొంత విన్నాక అది అద్భుతంగా తోస్తుంది, మొదటిసారి వినేవాళ్లకి మాత్రం రద్దీలో వదిలేసినట్టుంటుంది.

మీకు లయ సమస్య కాదు. రాక్ వినేవాళ్లు ఏడో, తొమ్మిదో వస్తే తడబడతారు, మీకది చాపు తాళం లాగే వినబడుతుంది. మన సంగీతం విని పెరిగిన చెవికి కష్టం ఇంకోచోట ఉంది. అడుగున శ్రుతి కదలకుండా ఉండటం మనకు అలవాటు. ఇక్కడ కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మారుతూనే ఉంటాయి, కాసేపటికి షడ్జం ఎక్కడుందో తెలియదు. అందుకని మొదట్లో ట్యూన్ బలంగా ఉండి, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఆల్బమ్‌లు పట్టుకోండి.

నేనైతే జెఫ్ బెక్ ‘బ్లో బై బ్లో’తో మొదలుపెట్టమంటాను. 1975లో వచ్చింది, నిర్మాత బీటిల్స్‌తో పనిచేసిన జార్జ్ మార్టిన్. ఒకచోట టాక్‌బాక్స్ (గిటార్ మోతని నోటితో మాటలా మలిచే పరికరం) గొణుగుడు తప్ప మాటలుండవు. ‘కాజ్ వియ్‌వ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ అనే ట్రాక్ ముందు వినండి. స్టీవీ వండర్ రాసిన పాట అది. బెక్ దాన్ని పాడకుండా గిటార్ మీద పాడించాడు. ఒక స్వరం మీద నిలబడి, వాల్యూమ్‌ని మెల్లగా పెంచుతూ, తీగ లాగి పక్క స్వరానికి జారుతుంటే గమకం తెలిసిన మనవాళ్లెవరైనా ఒక్కసారి తల ఎత్తుతారు. వేగం లేదు, గొప్ప చూపించుకోవడం లేదు.

రెండోది కామెల్ అనే బ్యాండ్ చేసిన ‘ద స్నో గూస్’, అదీ 1975దే. ప్రోగ్ రాక్‌లో మాటల్లేకుండా మొత్తం కథ చెప్పిన ఆల్బమ్. పాల్ గాలికో రాసిన చిన్న నవల ఆధారం. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ చిత్తడి నేలల్లో ఒంటరిగా బతికే చిత్రకారుడు రాయడర్, గాయపడిన బాతుని అతని దగ్గరికి తెచ్చే ఫ్రితా అనే అమ్మాయి, చివర్లో రెండో ప్రపంచ యుద్ధంలోని డన్‌కర్క్ ఘట్టం. రాయడర్‌కి ఫ్లూట్ మీద ఒక ట్యూన్ ఉంటుంది, అది ఆల్బమ్ పొడవునా వేషాలు మార్చి వస్తుంది. కథ తెలుసుకుని ఒకసారి, తెలియనట్టు ఇంకోసారి వినండి. ఒకటి రెండు చోట్ల కూనిరాగం తప్ప గొంతు వినబడదు, మీ పనికి అడ్డం రాదు.

ఈ రెండూ ఒంటబట్టాక మహావిష్ణు ఆర్కెస్ట్రాకి రండి. ‘ద ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ 1971, ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ 1973. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, బిల్లీ కోబమ్ డ్రమ్స్, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్, యాన్ హామర్ కీబోర్డ్స్, రిక్ లెయర్డ్ బేస్. మెక్‌లాఫ్లిన్‌కి మహావిష్ణు అన్న పేరు పెట్టింది ఆయన గురువు శ్రీ చిన్మయ్. ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ టైటిల్ ట్రాక్ ఆవర్తనం 18 అక్షరాలు. మృదంగం చేయి మీకు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మొదటి ఆల్బమ్‌లో ‘ఎ లోటస్ ఆన్ ఐరిష్ స్ట్రీమ్స్’ అని డ్రమ్స్ లేని ట్రాక్ ఒకటుంది. గిటార్, వయొలిన్, పియానో మాత్రమే. ఆ హోరు మధ్యలో అలసట తీర్చుకోవడానికి బాగుంటుంది.

ఆ తర్వాత శక్తి. అదే మెక్‌లాఫ్లిన్ కరెంటు గిటార్ పక్కన పెట్టి ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్రమ్ ఘటంతో కూర్చున్నాడు. మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది, అంతకుముందు ఏడు చేసిన కచేరీ రికార్డింగ్ అది, అందులో ఆర్. రాఘవన్ మృదంగం కూడా ఉంది. ‘జాయ్’ అనే ట్రాక్ 18 నిమిషాలు. మెక్‌లాఫ్లిన్ అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. గమకం లాగడానికి వీలుగా మెట్ల మధ్య చెక్క తొలిచి, అడ్డంగా అనునాద తీగలు కట్టిన గిటార్ ప్రత్యేకంగా చేయించుకున్నాడు. రెండో ఆల్బమ్ ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ’ కొన్నకోల్‌తో (నోటితో పలికే తాళపు సొల్లులతో) మొదలవుతుంది. ‘మాటల్లేనిది కావాలన్నాను కదా’ అనకండి, అవి మన జతులే!

జవాబు 2

పై జవాబులో అన్నీ బాగున్నాయి గానీ ప్రోగ్ వైపు పలచగా ఉంది. శక్తి మంచిదే, కానీ ఆయన అడిగిన రాక్ అందులో ఎక్కడుందండీ?

మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ‘ట్యూబ్యులర్ బెల్స్’ వదిలెయ్యకండి. 1973 మేలో వచ్చింది, అప్పటికి అతనికి ఇరవై నిండి పదిరోజులే. వాద్యాలు దాదాపు అన్నీ తనే ఒకదాని మీద ఒకటి రికార్డు చేశాడు. వర్జిన్ కంపెనీ విడుదల చేసిన మొట్టమొదటి ఆల్బమ్ అది. మొదట్లో వచ్చే పియానో మీరు ‘ది ఎక్సార్సిస్ట్’ సినిమాలో వినే ఉంటారు. ఆ ముక్క 7, 8 కలిపి 15 అక్షరాల నడక, చేత్తో వేసి చూడండి. మొదటి సైడ్ చివర ఒకాయన ఒక్కో వాద్యం పేరూ ప్రకటిస్తుంటాడు, మాటలంటే చాలావరకు అంతే.

ఫ్రాంక్ జాపా ‘హాట్ ర్యాట్స్’ 1969. ఆరు ట్రాకుల్లో రెండోదానికి పాట ఉంది, అది దాటేసుకోండి. మొదటి ట్రాక్ ‘పీచెస్ ఎన్ రెగేలియా’ నాలుగు నిమిషాలు కూడా ఉండదు, అంతలోనే ఇన్ని ట్యూన్లు ఎలా ఇరికించాడా అనిపిస్తుంది.

డ్రమ్స్ మీద ఇష్టముంటే బిల్లీ కోబమ్ సొంత ఆల్బమ్ ‘స్పెక్ట్రమ్’ 1973, బిల్ బ్రూఫర్డ్ ‘వన్ ఆఫ్ ఎ కైండ్’ 1979. రెండోదాంట్లో అలన్ హోల్డ్స్‌వర్త్ గిటార్ ఉంది. అది ఇప్పుడే అర్థం కాకపోతే పక్కన పెట్టేయండి, మళ్లీ ఎప్పుడైనా చూసుకోవచ్చు.

అడిగినవారి నుంచి

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. వారం రోజులుగా ఇదే పని. ‘బ్లో బై బ్లో’ ఒకే వినికిడిలో నచ్చేసింది. ‘స్నో గూస్’ మా ఇంట్లో వాళ్లు కూడా ‘ఆ ఫ్లూట్‌ది పెట్టు’ అంటున్నారు. కానీ దాంట్లో ట్రాక్ మారినప్పుడల్లా చిన్న గ్యాప్ వచ్చి తెగినట్టుంది, అది రికార్డింగే అంతనా?

‘ట్యూబ్యులర్ బెల్స్’ 7, 8 వేయబోతే 8 దగ్గర చేయి తప్పుతోంది. మహావిష్ణు బాగుంది గానీ పనిలో పెడితే టెన్షన్ వస్తోంది, వేళ్లు కీబోర్డు మీద వాళ్ల స్పీడులో కొట్టేస్తున్నాయి. ఆఫీసు కోసం ఇంకొంచెం నెమ్మదిగా ఉండేది ఏమైనా ఉందా? ఇంకో సందేహం, ఈ ఫ్యూజన్‌లో మన తెలుగువాళ్లెవరైనా ఉన్నారా?

జవాబు 1 ఇచ్చినవారే

గ్యాప్ రికార్డింగ్‌ది కాదు. ఆ ఆల్బమ్‌లో చాలా ట్రాకులు ఒకదాన్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. మీ యాప్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివరని తర్వాతదాని మొదలుతో కలిపేసేది) ఆఫ్ చేయండి, షఫుల్ జోలికే పోకండి. ఇంకోటి, డీలక్స్ ఎడిషన్ అని కనబడితే అసలు ఆల్బమ్‌లో ఎన్ని ట్రాకులో చూసుకుని అక్కడికి ఆపేయండి. తర్వాతవి రిహార్సల్ ముక్కలు, లైవ్ వెర్షన్లు. అదే ట్యూన్ మూడోసారి వస్తుంటే ఆల్బమే సాగదీసినట్టనిపిస్తుంది, తప్పు ఆల్బమ్‌ది కాదు. ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినబడదు, ఫ్యూజన్‌లో సగం పని బేస్‌దే. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా సరే, పెట్టుకోండి.

7, 8కి మీ పాత పద్ధతే వాడండి. తకిట తకధిమి, తకధిమి తకధిమి. పియానో మొదటి దెబ్బ మీద ‘తకిట’ ఎత్తుకోండి, అంకెలు మర్చిపోండి. రెండో భాగంలో ఒక్క అక్షరం అదనం, మీ చేయి అలవాటుగా మళ్లీ మిశ్రం (ఏడు) వేసేస్తోంది, అందుకే తప్పుతోంది.

ఆఫీసుకైతే మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’. అవును, మీరు కట్టేసిన ఆ మైల్సే, అంతకుముందు ఏడు 1969లో. సైడుకి ఒకటి చొప్పున రెండే ట్రాకులు, మొత్తం 38 నిమిషాలు. మొదటి సైడులో టోనీ విలియమ్స్ దాదాపుగా హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఒక్కటే నిలకడగా వేస్తూ కూర్చుంటాడు. రెండో వైపు మొదలయ్యే ట్యూన్ జో జావినల్ రాసింది. అతను కార్డులు చాలా పెట్టుకొస్తే మైల్స్ అన్నీ తీసేయించి ఒక్క ఆధార స్వరం మీద నిలబెట్టాడు. నేను ముందు శ్రుతి కదులుతుందని బెదిరించాను కదా, ఇక్కడ అది కదలదు. తంబూరా ఉన్నట్టే ఉంటుంది. ఎడిటింగ్ చేసిన టియో మసేరో ఆ ట్యూన్‌నే కోసి చివర్లో మళ్లీ అతికించాడు, పల్లవికి తిరిగొచ్చినట్టు. ఇది మీకు నచ్చితే ‘బిచెస్ బ్రూ’కి దారి దొరికినట్టే. అందులో ఉన్నవాళ్లు చాలామంది ఇక్కడా ఉన్నారు, మెక్‌లాఫ్లిన్‌తో సహా.

వెదర్ రిపోర్ట్ అనే బ్యాండ్ ‘హెవీ వెదర్’ 1977 కూడా ఆఫీసుకి సరిపోతుంది. ‘ఎ రిమార్క్ యు మేడ్’ నెమ్మదిగా సాగే సాక్సోఫోన్ ట్యూన్, అక్కడినుంచి మొదలుపెట్టండి. హెర్బీ హాన్కాక్ ‘హెడ్ హంటర్స్’ 1973 మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర వచ్చే టైముకి. పదిహేను నిమిషాల ‘కమీలియన్’లో ఆ బేస్ లైన్ గిటార్ కాదు, సింథసైజర్. ‘వాటర్‌మెలన్ మ్యాన్’ మొదట్లో బిల్ సమర్స్ బీరు సీసాలోకి ఊదుతున్నాడు, ఏ ఫ్లూటో అనుకునేరు.

మనవాళ్ల సంగతి. ఉన్నాడండీ, పాలకొల్లు వాడే. మాండలిన్ యు. శ్రీనివాస్, 1969లో అక్కడే పుట్టాడు. మాండలిన్‌కి మామూలుగా ఉండే నాలుగు జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. శక్తి మళ్లీ ‘రిమెంబర్ శక్తి’గా తిరిగొచ్చాక కొన్నాళ్లకి ఎల్. శంకర్ వయొలిన్ ఉండాల్సిన చోట ఈయన మాండలిన్ వచ్చింది. వినాయక్రమ్ గారి ఘటం స్థానంలో వాళ్లబ్బాయి సెల్వగణేశ్ కంజీరా. 2000లో వచ్చిన ‘ద బిలీవర్’ వినండి, కచేరీ రికార్డింగులు. మెక్‌లాఫ్లిన్ గిటార్ ఒక మాట అంటే శ్రీనివాస్ మాండలిన్ దాన్ని అందుకుని రెండు మెలికలు తిప్పి వెనక్కిచ్చే చోట్లున్నాయి. అక్కడ పని చేసుకోవడం కుదరదు. 2014లో నలభై అయిదేళ్లకే పోయాడు. శంకర్ మహదేవన్ గొంతు కలిసేది దీని తర్వాతి ఆల్బమ్ ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’తో, కాబట్టి మాటలు వద్దనుకుంటే ‘ద బిలీవర్’ దగ్గర ఆగండి.

జవాబు 3

అన్నా, నాకు మెటల్ ఇష్టం. మాటల్లేకుండా ఈ టైపులో బరువుగా ఉండేవి ఏవైనా? అడిగినాయనకి కాదు, నాకు.

జవాబు 2 ఇచ్చినవారే

తమ్ముడూ, ‘లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్’ 1998. డ్రీమ్ థియేటర్ అనే మెటల్ బ్యాండ్ గిటారిస్టు పెట్రుచి, డ్రమ్మర్ పోర్ట్‌నాయ్, కీబోర్డ్స్ జోర్డన్ రూడెస్, బేస్ టోనీ లెవిన్. రూడెస్ ఆ తర్వాతే డ్రీమ్ థియేటర్‌లో చేరాడు. మొదటి ట్రాక్ ‘పారడైమ్ షిఫ్ట్’ విని తట్టుకోగలిగితే మిగతావి విను. చివరిది అరగంటకి దగ్గరగా స్టూడియోలో అప్పటికప్పుడు వాయించుకుంటూ పోయింది, అభిమానం బాగా ఉంటేనే. దాని తర్వాత యానిమల్స్ యాజ్ లీడర్స్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్, 2009, టోసిన్ అబాసీ ఎనిమిది తీగల గిటార్.

అడిగినవారి నుంచి

‘ఇన్ ఎ సైలెంట్ వే’ నిన్న మూడుసార్లు తిరిగింది, పనీ అయింది. తకిట తకధిమి కుదిరింది. ‘బిచెస్ బ్రూ’ ఈ నెలాఖరుకి మళ్లీ పెట్టి, ఎంతసేపు ఉండగలిగానో ఇక్కడే రాస్తాను.