సెయింట్ పాల్స్ గుమ్మటం: టికెట్ కొని 528 మెట్లు ఎక్కాలా, పక్కనుంచి ఉచితంగా చూస్తే చాలా?

థేమ్స్‌గట్టు:
ఎండాకాలం వస్తే చాలు, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి లండన్‌లో ఏం చూపించాలి అన్న ప్రశ్న ఈ వేదికలో పదేపదే వస్తుంది. సెయింట్ పాల్స్ చర్చి దగ్గరికి రాగానే, టికెట్ కొని గుమ్మటం ఎక్కాలా వద్దా అని రెండు వర్గాలవుతాయి. నా మాట సూటిగా చెప్తాను: ఊరు పైనుంచి చూడటమే మీ ఉద్దేశమైతే టికెట్ దండగ. పెద్దవాళ్ళకి తలకి పాతిక పౌండ్ల పైమాటే, నలుగురు వెళ్తే వంద దాటుతుంది. చర్చికి తూర్పున రోడ్డు దాటితే వన్ న్యూ చేంజ్ అనే షాపింగ్ సెంటర్ ఉంది. అద్దాల లిఫ్ట్ ఎక్కి ఆరో అంతస్తులో దిగితే డాబా మీద గుమ్మటం మీ ఎదురుగా ఉంటుంది. డబ్బులక్కర్లేదు, బుకింగ్ అక్కర్లేదు, మెట్లు లేవు, చీకటి పడ్డాక కూడా వెళ్ళొచ్చు. ఇంకా ఎత్తు కావాలంటే ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో ఒక టవర్ పైన స్కై గార్డెన్ అనే తోట ఉంది. అదీ ఉచితమే, కాకపోతే ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ పట్టుకోవాలి. గుమ్మటం ఎక్కితే గుమ్మటం కనపడదు కదండీ. లండన్ ఆకాశంలో చూడాల్సిందే అది!

రాతిపని:
గట్టు గారూ, ఊరు చూడటానికే అయితే మీతో నాకు పేచీ లేదు. కానీ ఆ మెట్లు ఊరు చూపించడానికే ఉన్నాయన్నట్టు మాట్లాడుతున్నారు, నా అభ్యంతరం అక్కడ. ఆ మెట్లెక్కేది కట్టడం కడుపులోకి వెళ్ళడానికి.

కింద నేల మీద నిలబడి తలెత్తితే ఒక గుమ్మటం కనపడుతుంది, జేమ్స్ థార్న్‌హిల్ అనే చిత్రకారుడు వేసిన పౌలు (సెయింట్ పాల్) జీవిత ఘట్టాలతో. నది అవతల నుంచి చూస్తే ఇంకో గుమ్మటం కనపడుతుంది. రెండూ ఒకటి కావు. లోపల నిలబడ్డవాడి కంటికి పొందిక కుదరాలంటే గుమ్మటం మరీ ఎత్తులో ఉండకూడదు. ఊరంతటికీ కనపడాలంటే చాలా ఎత్తుండాలి. ఈ చర్చి వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ రెండూ కట్టి, మధ్యలో బయటికి కనపడని ఇటుక శంకువు ఒకటి లేపాడు. దాని మందం అడుగున్నర. శిఖరం మీద రాతి లాంతరు (చిన్న గోపురం లాంటిది) ఉంది చూశారా, సుమారు 850 టన్నులు, ఆ బరువు మోసేది ఈ శంకువే. బయటి గుమ్మటం కర్ర చట్రం మీద సీసపు రేకు, అది తన బరువు తప్ప ఇంకేమీ మోయదు. పై గ్యాలరీకి వెళ్ళే ఇనప మెట్లు సరిగ్గా ఆ శంకువుకీ బయటి గుమ్మటానికీ మధ్య ఖాళీలో తిరుగుతూ పోతాయి. ఒక పక్క ఇటుక, ఇంకో పక్క దూలాలు. ఇది వన్ న్యూ చేంజ్ డాబా మీద నుంచి కనపడదు, స్కై గార్డెన్ నుంచీ కనపడదు.

ఇంకొకటి. వీధిలోంచి చూస్తే చర్చి పక్క గోడ రెండంతస్తులు. పై అంతస్తు వెనక గదులున్నాయనే అనుకుంటారు ఎవరైనా. గుమ్మటం మొదట్లో బయట చుట్టూ తిరిగే నడవ, స్టోన్ గ్యాలరీ, అక్కణ్ణుంచి పడమటి వైపు కిందికి వంగి చూడండి. ఆ గోడ వెనక ఏమీ లేదు, ఆకాశమే! అది ఒట్టి తెర గోడ. దాని వెనక, పక్క నడవల కప్పుల మీదుగా, మధ్య కప్పుని ఆనుకుని వంపు తిరిగిన రాతి ఊతాలు వరసగా ఉంటాయి. గోథిక్ పద్ధతి మధ్యయుగపు చర్చిల్లో బాహాటంగా కనపడే ఊతాలే అవి. రెన్‌కి ఆ ఆసరా కావాలి, ఆ రూపం మాత్రం వద్దు, అందుకని గోడ కట్టి దాచాడు. ఆ గోడ బరువు కూడా కట్టడం పక్కకి తన్నకుండా పట్టుకోవడానికి పనికొస్తుంది. దీన్ని కళ్ళతో చూడటానికి టికెట్ డబ్బు నా లెక్కలో ఎక్కువ కాదు.

వాల్తేరు:
వాదన సరే, మోకాళ్ళ సంగతి ఎవరూ చెప్పట్లేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ముందు కావాల్సింది ఆ లెక్క.

మొదటి విడత 257 మెట్లు, గుమ్మటం లోపలి వైపు చుట్టూ ఉన్న విస్పరింగ్ గ్యాలరీ దాకా, నేల నుంచి 30 మీటర్లు. వెడల్పైన చుట్టు మెట్లు, ఒక్కో మెట్టు ఎత్తు తక్కువ. నిదానంగా ఎక్కితే అరవై దాటినవాళ్ళు కూడా చాలామంది ఎక్కగలరు. రెండో విడత 119, స్టోన్ గ్యాలరీకి, మొత్తం 376 మెట్లు, 53 మీటర్లు. ఇక్కడ మెట్లు రాతివి, ఇరుకు, మలుపు కురచ. ఇరుకంటే ఊపిరాడనట్టుండేవాళ్ళకి ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే. మూడో విడత 152, శిఖరం దగ్గరి గోల్డెన్ గ్యాలరీకి, మొత్తం 528, 85 మీటర్లు. రాతిపని గారు చెప్పిన ఇనప మెట్లు ఇవే. సందుల్లోంచి కింద లోతు కనపడుతుంది. ఎత్తంటే కళ్ళు తిరిగేవాళ్ళని ఈ విడతకి బలవంతపెట్టొద్దు. మధ్యలో భయమేస్తే వెనక్కి తిరగడం కష్టం, వెనక జనం వస్తూనే ఉంటారు.

గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఆగుతూ ఎక్కినవాళ్ళకి స్టోన్ గ్యాలరీ దాదాపు అంతే శ్రమ. తేడా ఏంటంటే అక్కడ ఆరుబయట కూర్చోవడానికి చోటుంది, ఇక్కడ చుట్టు మెట్ల మధ్యలో ఆగితే దారి మూసుకుపోతుంది. గ్యాలరీలకి లిఫ్ట్ లేదు. వీల్‌చైర్‌తో చర్చి నేల, కింది క్రిప్ట్ (సమాధులున్న నేలమాళిగ) వరకు లిఫ్ట్‌లో వెళ్ళొచ్చు, ఆ పైకి కుదరదు.

చీర కట్టుకునేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకోవాలి, ఇనప మెట్ల మీద అంచు కాలికింద పడుతుంది. చెప్పులకి వెనక పట్టీ ఉండాలి. హీల్స్ వద్దే వద్దు. దిగేటప్పుడే మోకాలి మీద భారమెక్కువ, కాబట్టి ఎక్కగలిగారు కదా అని ధైర్యపడొద్దు, దిగడానికి సత్తువ మిగుల్చుకోవాలి. నా సలహా: పెద్దవాళ్ళు స్టోన్ గ్యాలరీలో ఆగిపోవచ్చు. అది చుట్టూ తిరగడానికి వీలైనంత విశాలం. గోల్డెన్ గ్యాలరీలో ఇద్దరు పక్కపక్కన నిలబడటం కూడా కష్టం.

ఓరుగల్లు:
నాకు అసలు సంగతే సమజైతలేదు. గుడికి పోనీకె పాతిక పౌండ్లా? దేవుడి ఇంట్ల టికెట్ కౌంటర్ ఏంది?

మెట్లమార్గం:
ఓరుగల్లు అన్నా, ప్రార్థనకి వచ్చేవాళ్ళ దగ్గర పైసా తీసుకోరు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉన్నా సర్వదర్శనం ఉచితమే కదా, అలా అనుకో. టికెట్ చూసిపోయేవాళ్ళకి. ఆదివారమైతే టికెట్లే అమ్మరు, ఆ రోజు ఆరాధన ఒక్కటే, గ్యాలరీలు తెరవరు. వారం మధ్యలో సాయంత్రం 5కి ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థన ఉంటుంది. ముప్పావు గంట, గాయకబృందం పాడుతుంది. నాలుగున్నర, నాలుగు ముప్పావు కల్లా తలుపు దగ్గరుంటే మంచి చోటు దొరుకుతుంది. మూడువందల ఏళ్ళ నాటి కట్టడం, సీసపు కప్పు, రాయి, వీటి మరమ్మత్తుకి డబ్బు ఎక్కువగా సందర్శకుల నుంచే రావాలి.

థేమ్స్‌గట్టు:
చూశారా, ఈవెన్‌సాంగ్‌కి వెళ్తే లోపల కూడా ఉచితమే! గుమ్మటం కిందే కూర్చోబెడతారు. మరి టికెట్ ఎందుకు?

మెట్లమార్గం:
ఇక్కడ గట్టిగానే చెప్పాలి. ఈవెన్‌సాంగ్‌ని టికెట్ ఎగ్గొట్టే దారిగా చెప్పకండి. అది పూజ. ఆ సమయంలో ఫోటోలు తీయకూడదు, లేచి తిరగకూడదు, క్రిప్ట్‌కి, పైకి దారి ఉండదు. పది నిమిషాలు కూర్చుని లేచిపోయే గుంపుల వల్ల ప్రార్థన చేసుకునేవాళ్ళకి ఎంత ఇబ్బందో ఆలోచించండి. మన గుడిలో హారతి వేళ ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? చివరిదాకా కూర్చుని వినాలని ఉంటే ఏ మతంవారైనా రావచ్చు, అలా వస్తే అంతకంటే మంచిది లేదు. ఆ రాళ్ళ మధ్య పాట ముగిశాక కూడా ధ్వని కొన్ని సెకన్లు నిలిచే ఉంటుంది, అది పగటి టికెట్‌తో దొరకదు.

ఓరుగల్లు:
గిది మంచిగ చెప్పినవ్. అమ్మకి ఈవెన్‌సాంగ్, బాపుకి మెట్లు. ఇద్దరికీ ఒక్కటే ఎందుకు అనుకోవాలె?

దక్కను:
ఒక చిన్న సవరణ. ఈ వేదికలో ఒక పాత పోస్టులో దీన్ని బరోక్ (పదిహేడో శతాబ్దపు ఆర్భాటమైన కట్టడ శైలి) చర్చి అన్నారు. రోమ్‌లో బొరోమీని అనే వాస్తుశిల్పి కట్టిన చర్చిలు చూసినవాళ్ళకి ఇది బరోక్‌లా అనిపించదు. గోడలు నిటారుగా, బుద్ధిగా ఉంటాయి.

రాతిపని:
దక్కను గారూ, పడమటి ముఖం మీది రెండు బురుజులు చూసి ఆ మాట అనండి. వంపులు, లోతులు, ఒకదాని వెనక ఒకటి స్తంభాలు, అది బొరోమీని వాసనే. తెర గోడ వెనక ఊతాలు దాచడం, కంటిని ఒప్పించడానికి రెండు గుమ్మటాలు, మధ్యలో శంకువు పెట్టడం, ఇదంతా రంగస్థలం మీద భ్రమ పుట్టించే బరోక్ బుద్ధి. ఇంగ్లండు పద్ధతిలో మాట తగ్గించి చెప్పారంతే. 1666 లండన్ అగ్నిప్రమాదంలో పాత చర్చి పోయాక, 1675లో పునాది వేశారు, 1711లో పూర్తయిందని ప్రకటించారు. మొదలుపెట్టిన వాస్తుశిల్పే ముగింపు చూశాడు. అంత పెద్ద చర్చికి ఆ భాగ్యం అరుదు.

మన ప్రాంతంవాళ్ళు బీజాపూర్ గోల్ గుంబజ్‌తో పోల్చుకోవచ్చు. అది 1656 నాటిది, వ్యాసంలో దీనికంటే పెద్దది. అక్కడ ఒకే మందపాటి గుమ్మటం, కింద ఒకదాన్నొకటి కోసుకునే కమానులు దాన్ని మోస్తాయి. ఇక్కడ మూడు పొరలు. రెండు చోట్లా గుసగుస గోడ వెంట పాకి అవతలికి చేరుతుంది. కాకపోతే సెయింట్ పాల్స్‌లో విస్పరింగ్ గ్యాలరీ 2019 తర్వాత చాలాకాలం మూసే ఉంచారు. దాని కోసమే వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పిల్లలకి ముందే ఆశపెట్టకండి.

వాల్తేరు:
ఎండ గురించి కూడా ఒక మాట, ఇది ఫోటోలు తీసేవాళ్ళకి. వన్ న్యూ చేంజ్ గుమ్మటానికి తూర్పున ఉంది, కాబట్టి అక్కణ్ణుంచి ఉదయం తీస్తే వెలుగు గుమ్మటం మీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు గుమ్మటం వెనక్కి పోతాడు, నల్లటి ఆకారం తప్ప వివరం రాదు. పడమటి మెట్ల వైపు నుంచి తీయాలంటే మధ్యాహ్నం తర్వాత. గ్యాలరీల మీదైతే సిటీ (లండన్ వ్యాపార కేంద్రం) టవర్లు తూర్పున, మధ్యాహ్నం దాటాక వెలుగు మీ వెనకుంటుంది. దక్షిణాన మిలీనియం బ్రిడ్జి సూటిగా టేట్ మోడర్న్ మ్యూజియం దాకా పోతుంది. మధ్యాహ్నం సూర్యుడు అటే కాబట్టి నది మీద తళుకు ఎక్కువ, ఆ ఫోటో పొద్దున్నే తీసుకోండి.

థేమ్స్‌గట్టు:
రాతిపని గారు చెప్పిన తెర గోడ సంగతి నన్ను కదిలించింది, ఒప్పుకుంటాను. అయినా నా మాట మారదు. ఈ వేదికకి వచ్చి అడిగేవాళ్ళలో ఎక్కువమందికి ఒకే రోజు ఉంటుంది, టవర్ బ్రిడ్జి, బిగ్ బెన్ అదే రోజు. వాళ్ళకి గంటన్నర, రెండు గంటలు ఇక్కడ పెట్టమనడం సబబు కాదు. ఎక్కాలన్న సరదా ఉండి డబ్బు చూసుకునేవాళ్ళకి దగ్గర్లోనే మాన్యుమెంట్ ఉంది, 1666 అగ్నిప్రమాదానికి గుర్తుగా నిలిపిన స్తంభం. అదీ రెన్, ఆయన సహచరుడు రాబర్ట్ హుక్‌ల పనే, 1677లో పూర్తయింది. 311 మెట్లు, 62 మీటర్లు, టికెట్ సెయింట్ పాల్స్‌లో చిన్న వంతు. చుట్టూ ఇప్పుడు టవర్లు లేచి కొన్ని వైపులు మూసుకుపోయిన మాట నిజమే.

రాతిపని:
అదే చెప్పబోతున్నాను! మాన్యుమెంట్ చుట్టూ మూసుకుపోయింది, సెయింట్ పాల్స్ చుట్టూ మూసుకుపోలేదు. 1930ల నుంచే చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకి హద్దు పెట్టారు. పదహారు కిలోమీటర్ల అవతల రిచ్‌మండ్ పార్కులో ఒక దిబ్బ మీద నుంచి గుమ్మటం కనపడే దారి కూడా చట్టం కాపాడుతుంది. లెడెన్‌హాల్ స్ట్రీట్‌లో చీజ్‌గ్రేటర్ అనే టవర్ పైకి పోయేకొద్దీ వెనక్కి వాలి ఉండటం చూశారా? ఫ్లీట్ స్ట్రీట్ నుంచి గుమ్మటం వెనక అది అడ్డంగా కనపడకూడదని అలా కోశారు. గోల్డెన్ గ్యాలరీ నుంచి తూర్పుకి తిరిగితే ఆ వాలు కనపడుతుంది. ఊరు ఈ గుమ్మటానికి ఎంత చోటు వదిలిందో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఒక్క రోజే ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం గట్టు గారి మాటే సరి. పరుగున ఎక్కి పరుగున దిగేటట్టయితే ఎక్కకపోవడమే మేలు.

మెట్లమార్గం:
వెళ్ళదల్చుకున్నవాళ్ళకి వరస చెప్తాను. సెంట్రల్ లైన్‌లో సెయింట్ పాల్స్ స్టేషన్, దిగితే రెండు మూడు నిమిషాల నడక. తెరిచే వేళకే వెళ్ళండి, బుధవారం కాస్త ఆలస్యంగా తెరుస్తారు. పెద్ద సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, కాబట్టి విమానం దిగిన రోజు పెట్టుకోవద్దు. లోపలికెళ్ళగానే ముందు మెట్లెక్కండి, నేల, క్రిప్ట్ తర్వాత. పది దాటాక స్కూలు పిల్లల గుంపులు వస్తే ఇరుకు మెట్ల దగ్గర వరస కదలదు. గాలి ఎక్కువైనా, మంచు పడినా పై గ్యాలరీలు మూసేస్తారు, ఆ పొద్దున వెబ్‌సైట్ చూసి బయల్దేరండి. డిసెంబర్లో నాలుగు లోపే పొద్దు కుంకుతుంది, మధ్యాహ్నం దాటాక వెళ్ళి లాభం లేదు. పైన కింది కంటే చలి ఎక్కువ, చెవులు కప్పే టోపీ పెట్టుకోండి.

క్రిప్ట్‌లో రెన్ సమాధి వెతకండి. సేనానులు నెల్సన్, వెల్లింగ్టన్‌లవి భారీగా ఉంటాయి, దారిలోనే తగుల్తాయి. రెన్‌ది నల్లటి సాదా పలక, దక్షిణపు నడవ చివర. చాలామంది చూడకుండానే దాటిపోతారు.

ఓరుగల్లు:
ఒక్కటి చెప్పుండ్రి. బాపు స్టోన్ గ్యాలరీ కాడ ఆగిపోతే, మేము పైకి పోయి వచ్చేదాకా ఆడనే కూసోవచ్చా?

వాల్తేరు:
ఆగొచ్చు, కానీ ఆరుబయట గాలిలో ఉండాలి, కాబట్టి కోటు ఆయన దగ్గరే ఉంచండి. దిగే దారి ఎక్కే దారి ఒకటి కావు. మిమ్మల్ని మళ్ళీ ఎక్కడ కలవాలో అక్కడి సిబ్బందిని ముందే అడిగి పెట్టుకోండి. లేదంటే ఆయన్ని నిదానంగా దిగమని చెప్పి, క్రిప్ట్‌లో కేఫ్ దగ్గర కలుసుకోవడం మేలు.